విషం చల్లకుండా మిద్దె తోటను కాపాడుకోవడం: ఉడుత లెక్క వేరు, పురుగు లెక్క వేరు

క్లుప్తంగా

ఉడుత తోటలోకి రావడం దారికి సంబంధించిన సమస్య. పురుగు పెరగడం సంఖ్యకు సంబంధించిన సమస్య. రెండింటికీ ఒకే మందు వెతికితే ఏదీ తేలదు. ఉడుతను భయపెట్టే చిట్కాలు కొద్దిరోజులకే పనిచేయడం మానేస్తాయి. అందుకని ఇనుప మెష్, కాయలకు తొడుగులు, కాయను ఒక దశ ముందే కోసుకోవడం మీద ఆధారపడాలి. పురుగుల విషయంలో ముందు చీమల రాకపోకలు ఆపాలి, చీడను తినే మిత్ర పురుగులకు కాస్త సమయమివ్వాలి. వేప, సబ్బు ద్రావణాల వంతు ఆ తర్వాతే.

రెండు ఫిర్యాదులు, ఒకే ప్రశ్న

ఫిబ్రవరి దాటి ఎండ ముదిరేసరికి విజయవాడ, గుంటూరు మిద్దె తోటల్లో రెండు ఫిర్యాదులు ఒకేసారి మొదలవుతాయి. రంగు తిరుగుతున్న టమాటాను, ఎర్రబడిన దానిమ్మను ఉడుత సగం కొరికి వదిలేస్తుంది. మందారం, వంగ, కరివేపాకు చిగుళ్ళలో తెల్లటి పిండినల్లి గూడు కడుతుంది. రెండింటికీ చాలామంది ఒకే షాపుకు వెళ్ళి ఒకే ప్రశ్న అడుగుతారు: ఏం మందు కొట్టాలి?

ఆ ప్రశ్న దగ్గరే పొరపాటు మొదలవుతోంది. ఉడుతలు ఒకటో రెండో వస్తాయి, కానీ వాటికి తెలివి ఉంది. ఏ గోడ మీంచి వస్తే కాయ దొరుకుతుందో, ఏ చప్పుడుకు భయపడనక్కరలేదో అవి గుర్తుపెట్టుకుంటాయి. పురుగుకు అలాంటి జ్ఞాపకం లేదు. దాని బలమంతా సంతానంలోనే ఉంది. ఒక ఉడుతను తొలగిస్తే దాని ఖాళీలోకి పక్క వీధి ఉడుత వస్తుంది. పురుగుల్లో తొంభై శాతం చచ్చినా మిగిలిన పది శాతం మళ్ళీ మొక్కను నింపేస్తాయి. చంపడమే ఉపాయం అనుకున్నప్పుడు రెండు చోట్లా ఓటమే ఎదురవుతుంది, కారణాలు మాత్రం వేరు.

ఇంటి తోటలో విషం ఎందుకు పొసగదు

పొలంలో పురుగుమందు కొట్టాక కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో డబ్బా మీద రాసి ఉంటుంది. ఇంటి తోటకు ఈ నియమం కుదరదు. కరివేపాకు రోజూ తాలింపులోకి కోస్తారు, కొత్తిమీర గిల్లుతూనే ఉంటారు, బెండకాయలు రోజు విడిచి రోజు వస్తాయి. ఒకే కుండీలో కొంత కాయ, కొంత పిందె, కొంత పూత ఉంటే ఆగాల్సిన రోజులు లెక్కపెట్టడం ఎవరివల్లా కాదు. మోతాదు సంగతి మరీ కష్టం. ఎకరానికి ఇన్ని మిల్లీలీటర్లని చెప్పిన మందును పది కుండీలకు కొలవాల్సి వస్తే, ఇంట్లో వాళ్ళు సీసా మూతతో అందాజాగా పోసేస్తారు.

పైగా డాబా అంటే తోట ఒక్కటే కాదు. వేసవిలో అక్కడే వడియాలు, ఒరుగులు, ఎండు మిరపకాయలు ఆరతాయి. పక్కనే బట్టల తీగ, దాని వెనకే వాటర్ ట్యాంకు. సాయంత్రం గాలికి మందు తుంపర ఎటు పోతుందో చెప్పలేం. అపార్ట్‌మెంట్లలో అయితే అది కింది ఇంటి బాల్కనీలోకే పోతుంది.

రాముడి చేతి స్పర్శతో చారలు పడిన జీవమని నమ్మే ఊళ్ళలో ఉడుతకు కావాలని విషం పెట్టేవాళ్ళు తక్కువ. అయినా ఉడుతలు విషానికి చస్తూనే ఉంటాయి, ఎందుకంటే ఎలుకల కోసం పెట్టిన బిళ్ళలు వాటికీ తిండిలాగే కనిపిస్తాయి. బ్రోమాడయోలోన్ లాంటి మందులు రక్తం గడ్డకట్టకుండా చేసి, కొన్ని రోజుల తర్వాత చంపుతాయి. ఈలోగా మత్తుగా తిరిగే ఆ జంతువును పిల్లి గానీ గుడ్లగూబ గానీ పట్టుకుంటే విషం వాటికీ ఎక్కుతుంది. ఎలుకలను ఉచితంగా పట్టిపెట్టే గుడ్లగూబనే ఈ పద్ధతి ముందుగా బలి తీసుకుంటుంది. పసుపు భాస్వరం ఉన్న ఎలుకల పేస్టు అంతకన్నా ప్రమాదం. అది మనిషి కాలేయాన్ని దెబ్బతీస్తుంది, దానికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. పిల్లలు తిరిగే ఇంట్లో, తినే మొక్కల మధ్య దాన్ని ఉంచడానికి ఏ కారణమూ సరిపోదు.

విషమని తెలియకుండా వాడే విషాలు కూడా ఉన్నాయి. ఉడుతలు రాకుండా కుండీల్లో కలరా ఉండలు వేసేవాళ్ళున్నారు. అవి నాఫ్తలీన్, మట్టికీ మనిషికీ హాని చేసేవే. ఇక పొగాకు కషాయం. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న గుంటూరులో పొగాకు కాడలు సులువుగానే దొరుకుతాయి, సహజమైనది కదా అని నానబెట్టి చల్లుతారు. అందులో ఉండే నికోటిన్ తీవ్రమైన విషం, చర్మం ద్వారా కూడా ఒంట్లోకి వెళ్తుంది. పొగాకు మొజాయిక్ వైరస్ ఆ కషాయంతోపాటే టమాటా, మిరప మొక్కలకు అంటుకునే అవకాశమూ ఉంది. ప్రకృతి వ్యవసాయంలో చెప్పే అగ్నిఅస్త్రంలో కూడా పొగాకు వేస్తారు, కాబట్టి ఆకుకూరల మీద దాన్ని వాడే ముందు ఆలోచించాలి.

గుంటూరు పొలాల అనుభవం

మందు కొట్టిన కొద్దీ పురుగు ఎందుకు పెరుగుతుందో తెలుసుకోవడానికి దూరం వెళ్ళనక్కరలేదు. 1980ల్లో సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు వచ్చాక గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిలో అంతకుముందు పెద్దగా లెక్కలో లేని తెల్లదోమ విజృంభించింది. 1987-88లో శనగపచ్చ పురుగు అవే మందులను తట్టుకుని పంటను ముంచేసింది. ఎన్నిసార్లు కొట్టినా పురుగు చావలేదు, అప్పు మాత్రం పెరిగింది. పత్తి రైతుల ఆత్మహత్యల చరిత్రలో ఆ ఏడాదికి చోటుంది.

మిరపలో 2021-22 సీజన్ కూడా అలాంటిదే. పూతలో చేరే నల్ల తామర పురుగు తోటలకు తోటలనే ఎండబెట్టింది. రకరకాల మందులు కలిపి, రోజుల తేడాతో కొట్టినా పనిచేయలేదు. ఈ తామర పురుగు పూల లోపల దాగి ఉంటుంది, దాని జీవితంలో ఒక దశ మట్టిలో గడుస్తుంది. ఆకుల మీద పడిన మందు రెండు చోట్లకూ పూర్తిగా చేరదు. చేరేదల్లా బయట తిరిగే సాలీళ్ళకు, అక్షింతల పురుగులకు (లేడీబర్డ్), చిన్న పురుగులను తినే నల్లులకు. కావలివాళ్ళు పోయాక పురుగుకు అడ్డు లేకుండా పోయింది. అప్పుడు శాస్త్రవేత్తలు ఇచ్చిన సలహాల్లో నీలిరంగు జిగురు అట్టలు, వేప మందులు, పొలం చుట్టూ జొన్న, మొక్కజొన్న వరసలు కనిపించాయి. వేల ఎకరాల్లో జరిగినదానికీ డాబా మీద ముప్పై కుండీల్లో జరిగేదానికీ సూత్రం ఒకటే. తేడా ఏమిటంటే, ఇంటి తోటకు దిగుబడి ఒత్తిడి లేదు. ఓపిక పట్టే వెసులుబాటు రైతుకన్నా ఇంటివాళ్ళకే ఎక్కువ.

ఈ జిల్లాల్లోనే మరో అనుభవమూ ఉంది. పురుగుమందులు లేని సస్యరక్షణ ఉమ్మడి రాష్ట్రంలో 2004-05 ప్రాంతంలో ఊపందుకుంది. 2016 నుంచి గుంటూరు కేంద్రంగా రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమాన్ని నడుపుతోంది. ఆ కార్యక్రమం 2024లో పోర్చుగల్‌కు చెందిన ఫౌండేషన్ ఇచ్చే గుల్బెంకియన్ బహుమతిని పంచుకుంది. వేప కషాయం, ఎర పంటలు, జిగురు అట్టలు ఇక్కడి పల్లెల్లో ఎప్పుడో అలవాటైన మాటలు.

పురుగు ముందు పరుగెత్తుతుంది, శత్రువు వెనక వస్తుంది

చిగుళ్ళ రసం పీల్చే చిన్న పురుగు పేనుబంకను తీసుకుంటే సంగతి స్పష్టంగా తెలుస్తుంది. ఆడ పేను మగదాని అవసరం లేకుండానే, గుడ్డు పెట్టకుండా నేరుగా పిల్లలను కంటుంది. అనుకూల వాతావరణంలో ఆ పిల్ల వారం పది రోజుల్లో తానే తల్లి అవుతుంది. దాన్ని తినే అక్షింతల పురుగు గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి మూడు వారాలకు అటూ ఇటూ పడుతుంది. అంటే పేనుబంక ఎప్పుడూ ముందుంటుంది, దాని శత్రువు ఆలస్యంగా వచ్చి అందుకుంటుంది. ఈ మధ్య కాలంలోనే ఇంటివాళ్ళు కంగారుపడి మందు కొడతారు. రెండూ చస్తాయి. ముందు తేరుకునేది పేనుబంకే. రెండోసారి అది వచ్చేసరికి అందుకునేవాళ్ళు ఎవరూ ఉండరు.

అక్షింతల పురుగు పిల్లలను చూసి శత్రువనుకుని నలిపేయడం కూడా మామూలే. గుండ్రంగా ఎర్రగా ఉండే పెద్ద పురుగును అందరూ గుర్తుపడతారు. దాని పిల్ల మాత్రం సన్నగా పొడుగ్గా, నల్లటి ఒంటి మీద నారింజ రంగు మచ్చలతో, ముళ్ళున్నట్టు కనిపిస్తుంది. రోజంతా పేనుబంకను తినేది అదే. పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ అనే ఆస్ట్రేలియా అక్షింతల పురుగు పిల్ల ఇంకా మోసపుచ్చుతుంది. దాని ఒళ్ళంతా తెల్లటి మైనపు పోగులు వేలాడుతూ అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. తేడా కనిపెట్టాలంటే కాసేపు చూడాలి. పిండినల్లి కన్నా ఇది పెద్దగా ఉంటుంది, మైనపు పోగులు పొడవుగా ఉంటాయి, పుల్లతో తాకితే చురుగ్గా నడిచిపోతుంది. పిండినల్లి ఉన్నచోట నుంచి కదలడమే కష్టం. ఆకు మీద నడిచే "పిండినల్లి" కనిపిస్తే దాన్ని వదిలేయడమే మంచిది.

శత్రువును నమ్ముకుంటే నిజంగా పని జరుగుతుందా అనే అనుమానానికి రెండు ఉదాహరణలు చాలు. 2008లో కోయంబత్తూరు దగ్గర బయటపడిన బొప్పాయి పిండినల్లి బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం తోటలను నాశనం చేసింది, మందులతో లొంగలేదు. 2010లో విదేశం నుంచి తెచ్చి వదిలిన చిన్న పరాన్నజీవి కందిరీగలు దాన్ని అదుపులోకి తెచ్చాయి. కొబ్బరికి 2016లో వచ్చిన సర్పిలాకార తెల్లదోమ విషయంలోనూ మందులు కొట్టవద్దని శాస్త్రవేత్తలు చెప్పారు, ఎందుకంటే దానితోపాటే పెరిగే ఎన్‌కార్సియా అనే కందిరీగ తెల్లదోమ పిల్లల్లోనే గుడ్లు పెడుతుంది. మందు కొడితే ముందు పోయేది ఆ కందిరీగే.

ముందు చీమను ఆపాలి

మిత్ర పురుగులు ఉన్నా పిండినల్లి తగ్గకపోతే ముందు కాండం మీద చూడాలి. చాలాసార్లు అక్కడ చీమల బారు కనిపిస్తుంది. పిండినల్లి, పేనుబంక మొక్క రసం పీల్చి తియ్యటి జిగురు విసర్జిస్తాయి. చీమకు అది ఆహారం. ఆ తీపి కోసం చీమలు పిండినల్లి పిల్లలను కొత్త చిగుళ్ళకు మోసుకెళ్తాయి, దగ్గరికొచ్చిన అక్షింతల పురుగును కరిచి తరిమేస్తాయి. పశువులను మేపినట్టు మేపుతాయని చెబితే సరిగ్గా ఉంటుంది. అదే జిగురు ఆకుల మీద పడినచోట నల్లటి మసి తెగులు పుడుతుంది. చూసినవాళ్ళు దాన్ని వేరే జబ్బనుకుని మరో మందు తెస్తారు.

చీమ దారి తెగితే పిండినల్లికి కాపలా పోతుంది. కుండీని స్టాండు మీద పెట్టి, స్టాండు కాళ్ళను నీళ్ళ గిన్నెల్లో ఉంచడం పాత వంటింటి పద్ధతే. ఆ నీళ్ళలో దోమలు పెరగకుండా రెండు చుక్కలు సబ్బు వేసి, రెండు మూడు రోజులకోసారి మార్చాలి. లేకపోతే డెంగీ టెన్షన్ కొత్తగా మొదలవుతుంది. కాస్త పెద్ద మొక్కలకు కాండం చుట్టూ టేపు చుట్టి, దాని మీద గ్రీజు గానీ వ్యాజలీన్ గానీ పూస్తే చీమ దాటలేదు. నేరుగా బెరడు మీద పూయకూడదు. ఆకు గోడకో పక్క కుండీకో తగులుతుంటే ఈ కష్టమంతా వృథా, చీమ ఆ వంతెన మీంచి వచ్చేస్తుంది.

ఎరువు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. త్వరగా పచ్చబడాలని యూరియా వేసిన మొక్కల్లో చిగుళ్ళు మెత్తగా, రసంతో నిండి ఉంటాయి. పేనుబంక, పచ్చదోమ ముందుగా వాలేది వాటి మీదే. ఒకే బాల్కనీలో ఒక మందారానికే పురుగు పట్టి పక్కది బాగుంటే, కారణం తరచూ కుండీలోని ఎరువే.

వేప, సబ్బు: ఎక్కడ పనిచేస్తాయి, ఎక్కడ చేయవు

వేప మందు పురుగును వెంటనే చంపదు. అందులోని అజాడిరాక్టిన్ పురుగుకు ఆకు రుచించకుండా చేస్తుంది, పిల్ల పురుగు కుబుసం విడిచి పెద్దది కాకుండా అడ్డుకుంటుంది. సాయంత్రం కొట్టి పొద్దున్నే చూస్తే పురుగులు బతికే ఉంటాయి. పనిచేయలేదని వేరే మందుకు పరుగెత్తేది అక్కడే. ఫలితం చూడాలంటే వారం ఆగాలి.

ఈ పదార్థం ఆకులో కన్నా గింజలో చాలా ఎక్కువ. మే నుంచి జూలై దాకా ఈ ప్రాంతంలో వేప పళ్ళు రాలుతాయి. గుజ్జు తీసి, నీడలో ఆరబెట్టి దాచుకుంటే ఏడాదికి సరిపోతాయి. ఏడాది దాటితే పస తగ్గుతుంది. పప్పును పొడి చేసి లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, కాస్త సబ్బు కలిపితే రైతులు వాడే 5 శాతం వేప గింజల కషాయమే తయారవుతుంది. దీన్ని మరిగించకూడదు, వేడికి పదార్థం దెబ్బతింటుంది. ఎండకూ దెబ్బతింటుంది కాబట్టి సాయంత్రమే చల్లాలి. తేనెటీగలకు కూడా సాయంత్రమే క్షేమం. గింజలు దొరకనివాళ్ళు లీటరుకు 5 మి.లీ. వేపనూనె వాడవచ్చు, కానీ సబ్బు కలపకపోతే నూనె తేలిపోయి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది.

సబ్బు ద్రావణం వేరే పద్ధతిలో పనిచేస్తుంది. మెత్తటి ఒంటి పురుగుల మీది మైనపు పూతను కరిగించి, తేమ పోయేట్టు చేస్తుంది. తడిగా తగిలితేనే దెబ్బ, ఆరిపోయాక దానికి ప్రభావం లేదు. అందుకే ఆకు అడుగున తగిలేలా కొట్టాలి, వారం లోపల మళ్ళీ కొట్టాలి. లీటరుకు 5 మి.లీ. మృదువైన లిక్విడ్ సోపు చాలు. బట్టల సర్ఫు వాడితే ఆకులు మాడతాయి. బోరు నీళ్ళు కఠినంగా ఉండే ఇళ్ళలో సబ్బు నురగ రాకుండా తెట్టు కడుతుంది. అలాంటిచోట ఫిల్టరు నీళ్ళో వాన నీళ్ళో వాడాలి. ఎండ నలభై దాటిన రోజుల్లో నూనె గానీ సబ్బు గానీ మధ్యాహ్నం కొడితే పురుగు కన్నా ముందు మొక్కే పోతుంది.

బవేరియా లాంటి మందుల్లో ఉండేది పురుగుకు జబ్బు తెచ్చే శిలీంధ్రం, అవి తేమ ఉంటేనే మొలకెత్తి పురుగును పట్టుకుంటాయి. అక్టోబరు, నవంబరు వానల తర్వాత బాగా పనిచేసే పొడి, మే నెల ఎండలో వేస్తే డబ్బు దండగ. గొంగళి పురుగులకు బీటీ అనే బ్యాక్టీరియా పొడి సరిపోతుంది. అది పురుగు తిన్నాకే దాని కడుపులో పనిచేస్తుంది, మనుషులకు హాని చేయదు, పేనుబంకలాంటి రసం పీల్చే పురుగులకు మాత్రం ఏమీ కాదు.

ఏ మందు కావాలో తేల్చుకోవడానికి మిరప ఆకు మంచి ఆధారం. ఆకు అంచులు పైకి, పడవలా ముడుచుకుంటే తామర పురుగు. కిందికి, బోర్లించిన పడవలా ముడుచుకుంటే తెల్లనల్లి. చిత్తుగా చుట్టుకుపోయి, ఆకులు చిన్నవై మొక్క గిడసబారితే తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్ కావచ్చు. మొదటి రెండింటికీ చికిత్స ఉంది. మూడోదానికి లేదు.

లోపల దాగే పురుగులు

వంగలో కొమ్మ, కాయ తొలిచే పురుగు కాండం లోపల ఉంటుంది. పైన ఏం చల్లినా దానికి తగలదు. లేత కొమ్మ చివర వాడి వేలాడిన రోజునే, రంధ్రానికి అంగుళం కింద కత్తిరించి నలిపేస్తే పురుగు కాయల్లోకి వెళ్ళే దారి మూసుకుపోతుంది. ఆడ పురుగు వాసనతో మగవాటిని రప్పించే లింగాకర్షక బుట్ట పెడితే మగ రెక్కల పురుగులు కొన్ని పడతాయి, కానీ ఒక్క డాబాకు కత్తెర చేసే మేలే ఎక్కువ.

కాకర, బీర, జామల్లో పండుఈగ చర్మం కిందే గుడ్లు పెడుతుంది. కాయ కోశాక లోపల తెల్లటి పురుగులు కనబడేది అందుకే. ఈగ కాయను తాకకుండా చేయడమే దీనికి మందు. పిందె గట్టిగా ఉన్నప్పుడే కాగితపు సంచి గానీ పల్చటి గుడ్డ సంచి గానీ తొడగాలి. పుచ్చిపోయి రాలిన కాయలను కంపోస్టులో వేయకూడదు. లోపలి పురుగు మట్టిలోకి దిగి మళ్ళీ ఈగై వస్తుంది. పాలిథీన్ కవరులో గట్టిగా కట్టి కొన్ని రోజులు ఎండలో పడేస్తే ఆ గొడవ ఉండదు.

ఉడుత వచ్చే దారి

ఉడుత మీద నేరం మోపే ముందు అది ఉడుత పనేనా అని చూడాలి. దక్షిణాదిలో కనిపించే మూడు చారల ఉడుత పగటి జీవి. పొద్దున, సాయంత్రం దాని హడావుడి ఎక్కువ. రాత్రి పడుకునేటప్పుడు బాగున్న కాయ తెల్లవారేసరికి పోతే అది ఎలుకో గబ్బిలమో. గబ్బిలం పండును మోసుకుపోయి ఎక్కడో నమిలి పిప్పి వదులుతుంది. చిలక కాయను ముక్కుతో చీల్చి గుజ్జు విరజిమ్ముతుంది. ఉడుత కాయను కొమ్మకే ఉంచి ఒక పక్క నుంచి తవ్వుతుంది. దానిమ్మలో అయితే గుండ్రటి కన్నం, కన్నం అంచున పక్కపక్కనే రెండేసి సన్నటి పంటి గాట్లు, కింద తొక్క పొట్టు కనిపిస్తాయి. గింజలు పోతాయి, డొల్ల కొమ్మకే వేలాడుతుంది.

ఉడుత ముందు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ఏదో ఒకటి కొరికి అరగదీసుకోక తప్పదు. డ్రిప్ పైపులు, నైలాన్ వలలు, ప్లాస్టిక్ కుండీల అంచులు పోయేది ఆ అవసరం వల్లే. గూటి కోసం కొబ్బరి పీచు, దూది, దారాలు లాక్కుపోతుంది. కోకోపీట్ కుండీలో కొత్త గుంత కనిపిస్తే అది గింజల కోసమే కాకపోవచ్చు.

బెదిరించే చిట్కాలు ఎందుకు నిలబడవో కూడా ఇందులోనే ఉంది. సీడీలు కట్టడం, మెరిసే రిబ్బన్లు, ప్లాస్టిక్ గుడ్లగూబ, చెవికి వినబడని ధ్వని చేసే పరికరాలు: వీటిలో ఏదీ ఉడుతకు నిజంగా నష్టం చేయదు. ఆ సంగతి తెలియగానే అది భయపడటం మానేస్తుంది. గుంటూరు మిరపకారం మాత్రం కొంత ఆలోచించదగ్గదే. కారంలోని కాప్సైసిన్ పాలిచ్చే జంతువుల నోట్లో మంట పుట్టిస్తుంది, పక్షులకు ఆ మంట తెలియదు. కుండీలో విత్తనాల మీద కారం చల్లితే ఉడుత కొన్నాళ్ళు దూరంగా ఉంటుంది. కానీ రోజూ నీళ్ళు పోసే కుండీలో కారం ఎంతసేపు నిలుస్తుంది? పైగా గాలికి లేచి ఇంట్లోవాళ్ళ కళ్ళలో పడుతుంది. మొలకలు వచ్చే వరకు గడిపేయడానికి తప్ప, కాయల కాపలాకు దీన్ని నమ్మలేం.

నిలబడేది ఇనుము. అర అంగుళం కన్నుల జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) వెల్డ్ మెష్‌లోంచి పెద్ద ఉడుత దూరలేదు, పళ్ళతో కత్తిరించనూ లేదు. డాబా మొత్తం కప్పాలంటే ఖర్చు ఎక్కువే. ఆకర్షించే మొక్కలను ఒక మూలకు చేర్చి, ఆ మూలకే పంజరం కట్టడం తెలివైన పని. టమాటా, దానిమ్మ, జామ, స్ట్రాబెర్రీ లోపల ఉంటే చాలు. గోంగూర, తోటకూర, మిరప, కరివేపాకు బయట ఉన్నా ఉడుత వాటి జోలికి పెద్దగా రాదు. విత్తనాలు చల్లిన కుండీల మీద మెష్ ముక్కను గిన్నెలా వంచి బోర్లిస్తే, మొక్క నాలుగాకులు వేసే దాకా తవ్వకాలు ఆగుతాయి. విడి కాయలకు మెష్‌తో కుట్టిన చిన్న తొడుగులు గానీ, గాలి కన్నాలు పెట్టిన ప్లాస్టిక్ బాటిళ్ళు గానీ పనికొస్తాయి. పండుఈగ కోసం తొడిగే గుడ్డ సంచిని ఉడుత నిమిషాల్లో చింపుతుంది. ఈ రెండు తొడుగుల పని వేరని గుర్తుపెట్టుకోవాలి.

పెరట్లో ఒంటరిగా ఉన్న కొబ్బరి చెట్టుకు మొదలు నుంచి ఆరేడు అడుగుల ఎత్తులో నున్నటి రేకు చుట్టడం ఎలుకలకూ ఉడుతలకూ పనిచేస్తుంది. పక్క చెట్టు ఆకులో కేబుల్ వైర్లో దానికి తగులుతుంటే రేకు ఉన్నా లేనట్టే. పాత ఇళ్ళు, వేప, మామిడి చెట్లు ఉన్న వీధుల్లో గోడకు ఆనిన కొమ్మలు కొట్టేస్తే సగం రాకపోకలు తగ్గుతాయి.

పట్టుకుని దూరంగా వదిలేయడం దయగల పనిలా కనిపిస్తుంది, ఫలితం మాత్రం అలా ఉండదు. గూట్లో రెండో మూడో పిల్లలుంటే అవి ఆకలితో చస్తాయి. ఖాళీ అయిన చోటుకు మరో ఉడుత వస్తుంది. ఎలుకల జిగురు అట్టలకు అంటుకున్న ఉడుత గంటల తరబడి గిలగిలలాడుతుంది, దాన్ని మాత్రం ఏ కారణంతోనూ వాడకూడదు.

ఒక దశ ముందే కోయడం

ఉడుత పచ్చి కాయ కన్నా పక్వానికి వచ్చిన కాయనే కోరుకుంటుంది. అక్కడే ఇంటివాళ్ళకు ఖర్చులేని వెసులుబాటు ఉంది. టమాటా, మామిడి, సపోటా, బొప్పాయి, అరటి, సీతాఫలం చెట్టు నుంచి కోశాక కూడా పండుతాయి. వాటి నుంచి వెలువడే ఇథిలీన్ వాయువే ఆ పని చేస్తుంది. టమాటా అడుగున లేత గులాబీ మచ్చ కనబడగానే కోసి ఇంట్లో పెడితే రుచిలో పెద్ద తేడా ఉండదు. ఒకటే జాగ్రత్త: గది వేడి ముప్పై డిగ్రీలు దాటితే టమాటాలో ఎర్ర రంగు సరిగ్గా ఏర్పడదు, పసుపు నారింజ రంగులోనే ఆగిపోతుంది. విజయవాడ వేసవిలో ఇంట్లో అన్నిటికన్నా చల్లటి మూలను దానికి కేటాయించాలి, ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకూడదు.

దానిమ్మ, నిమ్మజాతి, ద్రాక్షలకు ఈ ఉపాయం చెల్లదు. కోశాక అవి తియ్యబడవు. మెష్, తొడుగుల ఖర్చు పెట్టాల్సింది వీటి కోసమే.

ఎండాకాలంలో ఉడుత రసమున్న కాయల మీద పడటానికి దాహమూ కొంత కారణం. తోటకు దూరంగా, పిట్టగోడ మీద మట్టి పళ్ళెంలో నీళ్ళు పెడితే ఒత్తిడి కొంత తగ్గుతుంది. గింజలు, అన్నం కూడా పెట్టడం మొదలుపెడితే మాత్రం ఉడుతలు పెరుగుతాయి, కాయలకు ముప్పూ పెరుగుతుంది.

వల వేస్తే వచ్చే చిక్కులు

పురుగు దూరనంత సన్నటి వల కట్టితే తెల్లదోమ ఆగుతుంది, గాలి కూడా ఆగుతుంది. మే నెలలో ఆ వల లోపల వేడి బయటికన్నా పెరిగి పూత రాలుతుంది. జూలై నుంచి ఫిబ్రవరి వరకు సన్న వల, ఎండాకాలంలో దాన్ని తీసి పైన షేడ్ నెట్, ఇలా మార్చుకోవడం మేలు. తీగజాతి కూరగాయలకు ఇంకో సమస్య ఉంది. వాటిలో మగ పువ్వు, ఆడ పువ్వు వేరు. వల లోపలికి తేనెటీగ రాకపోతే పిందె నిలవదు, మనిషే పుప్పొడి అద్దాలి. కాకర, దోస పూలకు పొద్దున్నే అద్దాలి. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి కాబట్టి వాటి సమయం అప్పుడే. పిందె నిలవకుండా రాలిపోతున్నది పురుగు వల్లనుకుని మందు కొట్టేవాళ్ళలో చాలామందికి అసలు లోటు తేనెటీగలే. ఉడుత కోసం కట్టిన అర అంగుళం మెష్‌కు ఈ చిక్కు లేదు, తేనెటీగలు అందులోంచి తిరుగుతాయి.

మొదటి ఏడాది

ఇన్నాళ్ళూ మందులు కొట్టిన తోట వాటిని ఆపగానే బాగుపడదు. మిత్ర పురుగులు తిరిగి స్థిరపడేదాకా మొదటి సీజన్‌లో నష్టం ఎక్కువగానే కనిపించవచ్చు. వాటిని పిలవడానికి ఒక మూల బంతి, మెంతికూర, పూతకు వదిలేసిన కొత్తిమీర, సోంపు ఉంచితే పని త్వరపడుతుంది. కొత్తిమీర పూల తేనె కోసం చిన్న కందిరీగలు, పేనుబంకను తినే ఈగలు చేరతాయి. పసుపు, నీలి జిగురు అట్టలను పురుగుల రాకను కనిపెట్టడానికి వాడుకోవాలి. వాటి మీద మిత్ర పురుగులు, చిన్న బల్లులు ఎక్కువ పడుతుంటే తీసేయాలి.

పక్కింటి డాబా మీద మందు కొడుతుంటే ఈ ప్రయత్నం సగమే పండుతుంది, ఎందుకంటే కందిరీగకు పిట్టగోడ సరిహద్దు కాదు. ఒక అపార్ట్‌మెంటువాళ్ళు, ఒక వీధివాళ్ళు కలిసి ఆపితే తేడా తొందరగా తెలుస్తుంది.

కొన్ని మొక్కలను మాత్రం కాపాడాలని చూడకూడదు. ఈనెలు పసుపెక్కి వలలా కనిపించే పల్లాకు తెగులు పట్టిన బెండ, వైరస్‌తో చుట్టుకుపోయిన మిరప, టమాటా మళ్ళీ కోలుకోవు. వాటి మీద వేప నూనె కొడుతూ కూర్చుంటే, తెల్లదోమ అదే మొక్క నుంచి మిగతా కుండీలకు వైరస్‌ను చేరవేస్తూనే ఉంటుంది. మొదటి లక్షణం చూసిన రోజునే సాయంత్రం మొక్కను కదల్చకుండా కవరు తొడిగి, వేళ్ళతో సహా పీకి, కవరుతోనే బయట పారేయాలి. ఆ కుండీలో వెంటనే మళ్ళీ బెండ, మిరప నాటకుండా ఒక పంట కాలం ఆకుకూర వేసుకోవచ్చు.